తార్రోడ్డు అయిపోయాక ఏ మ్యాప్? పడమటి మండలాల కేసు ఒకటి

నేపథ్యం

చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో పాత చెరువులు, కుంటలు, చెక్ డ్యాములు సర్వే చేసి మరమ్మతు అంచనాలు తయారుచేసే ఒక చిన్న బృందం కేసు ఇది. సంస్థ పేరు, మనుషుల పేర్లు, ఊళ్లు, ఏ ఏడాది జరిగిందీ కావాలనే వదిలేశాను. నేను తిరుపతిలో ఉంటూ ఇలాంటి ఫీల్డు బృందాలకు జీపీఎస్, మ్యాపులు అమర్చి వాడకం నేర్పిస్తుంటాను. ఆఫ్‌రోడ్ అనగానే ఆదివారం జీపుల సరదా గుర్తొస్తుంది గానీ, నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పని మీద మట్టిదారి పట్టేవాళ్లే.

బృందంలో కోఆర్డినేటర్ మేడం, సర్వేయర్లు కొందరు, ఇద్దరు డ్రైవర్లు. ఒక బండి పొడుగాటి ఫోర్ వీల్ డ్రైవ్ పికప్, ఇంకోటి పొట్టి జీపు. వాళ్లు తిరిగేది పలమనేరు, బైరెడ్డిపల్లె, వి.కోట, రామకుప్పం వైపు. చివరి ఊరి దాకా తార్రోడ్డు ఉంటుంది. అక్కడినుంచి బండి బాట, వంక ఇసుక, చెరువు కట్ట, మామిడి తోపుల మధ్య సందులు.

ఈ నేల గురించి ముందే చెప్పకపోతే తర్వాత చెప్పేది అర్థం కాదు. ఇక్కడ కౌండిన్య అభయారణ్యం ఉంది, ఏనుగులున్నాయి. అవి పొలాల్లోకి రాకుండా అడవి అంచున కందకాలు తవ్వారు, సోలార్ కంచెలు వేశారు. బెంగళూరు-చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే బైరెడ్డిపల్లె, పలమనేరు, బంగారుపాళెం, గుడిపాల మీదుగా పోతుంది. దాని మీదికి ఎక్కడపడితే అక్కడ ఎక్కే వీల్లేదు కాబట్టి ఎత్తైన మట్టికట్ట ఊరికీ పొలానికీ మధ్య అడ్డంగా నిలుస్తుంది, దాటాలంటే అండర్‌పాస్ దగ్గరికే పోవాలి. హంద్రీ-నీవా కుప్పం బ్రాంచి కాలువ ఇంకో అడ్డుగీత. ఎద్దులబండ్ల కాలం నుంచి ఉన్న బాటలను ఈ మూడూ ఎక్కడికక్కడ తెంపేశాయి. మ్యాపుల్లో మాత్రం ఆ బాటలు ఇంకా అతుక్కునే ఉన్నాయి.

వచ్చిన ఇబ్బంది

మేడం ఫోన్ చేసి అడిగింది ఒకటే. "సార్, మంచి ఆఫ్‌రోడ్ యాప్ ఒకటి చెప్పండి. డబ్బులు కట్టేదైనా పర్వాలేదు, కొనేస్తాం."

యాప్ పేరు నేను వెంటనే చెప్పలేదు. ముందు పేరు తేలిపోతే, ఆ తర్వాత ఎదురయ్యే ప్రతి ఇబ్బందినీ ఆ యాప్‌లోనే సర్దుకోవాలని చూస్తాం. అందుకే బండి ఇరుక్కున్న సందర్భాలు, తిరిగి రావాల్సి వచ్చిన సందర్భాలు ఒక్కొక్కటీ చెప్పమన్నాను. డ్రైవర్లు కూడా ఉండాలన్నాను, ఎందుకంటే స్టీరింగ్ ముందు కూర్చున్న మనిషి చూసింది వెనక సీట్లోవాళ్లు చూడరు.

అన్నిటికంటే టెన్షన్ పెట్టిన సంఘటన పెద్ద డ్రైవరన్న చెప్పాడు. సాయంత్రం తిరుగుదారిలో ఫోన్‌లోని మ్యాప్ ఒక అడ్డదారి చూపించింది. పికప్ ఆ దారి పట్టింది. పొద్దుగూకే వేళకు ఎదురుగా కందకం. రెండు పక్కలా కంచె, బండి తిప్పడానికి చోటు లేదు. ఏనుగులు దిగే వేళలో అంత పొడుగు బండిని రివర్స్‌లో వెనక్కి తేవాల్సి వచ్చింది. "మ్యాప్ చెప్పింది అబద్ధం కాదు సార్, బాట ఉండాది. నడిమధ్యన కందకం తవ్వినారు, అంతే" అన్నాడాయన. కేసు మొత్తంలో నాకు ఎక్కువ పనికొచ్చిన వాక్యం అదే.

రెండోది ఎక్స్‌ప్రెస్‌వే కట్ట. చెరువు కళ్లముందే అవతల కనబడుతోంది, మ్యాప్‌లో నేరుగా బాట ఉంది, మధ్యలో కట్ట. అండర్‌పాస్ ఎటువైపు ఎంత దూరంలో ఉందో ఏ ఫోన్లోనూ లేదు. మూడోది, రోజంతా తిరిగిన దారి రికార్డు చేశామనుకుంటే సాయంత్రానికి ఫైల్‌లో పొద్దున కాసేపటి గీతే మిగిలింది. నాలుగోది చిన్నగా కనబడుతుంది గానీ చిన్నది కాదు. ఒక సర్వేయర్ పంపిన కోఆర్డినేట్లు ఇంకొకరు ఫోన్‌లో కొడితే చెక్ డ్యాము వేరే మండలంలో తేలింది.

వీటిని వరసలో పెట్టి ప్రతిదానికీ ఒకే ప్రశ్న వేశాం. ఇక్కడ తప్పిపోయింది ఏది? కందకం, కట్ట రెండూ డేటా లోపాలు. గీత పాతది, నేల కొత్తది. రికార్డింగ్ ఆగిపోవడం ఫోన్ సెట్టింగు. బ్యాటరీ ఆదా పేరుతో స్క్రీన్ ఆరాక వెనక నడిచే యాప్‌లను కొన్ని ఫోన్లు ఆపేస్తాయి. కోఆర్డినేట్లది రాసే పద్ధతిలో తేడా. 13 డిగ్రీల 12 నిమిషాల 30 సెకన్లు అంటే దశాంశాల్లో 13.2083. దాన్ని 13.1230 అని కొడితే గుర్తు దక్షిణానికి తొమ్మిది కిలోమీటర్లకు పైగా జరిగిపోతుంది. ఈ నాలుగింటిలో డబ్బు కట్టి కొన్న యాప్ తీర్చేది ఒక్కటీ లేదు. ఈ మాట కాగితం మీద కనబడ్డాక గానీ మేడం యాప్ కొనే ఆలోచన పక్కన పెట్టలేదు.

ఏవేవి చూశాం

అయినా యాప్ ఏదో ఒకటి కావాలి కదా. ముందు అందరి ఫోన్లలో ఉన్న గూగుల్ మ్యాప్స్ సంగతి తేల్చాం. తార్రోడ్డు మీద దానికి సాటి లేదు. చిత్తూరు నుంచి చివరి ఊరి దాకా దాన్నే ఉంచుకోమన్నాను. మట్టిదారికి వచ్చేసరికి దాని స్వభావం వేరు. ప్రాంతాన్ని డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్‌వర్క్ లేకున్నా కారుదారి చెబుతుంది, కానీ నడకదారి చెప్పదు, ఉపగ్రహ చిత్రం డౌన్‌లోడ్‌లో రాదు. గుట్ట ఎంత నిటారో తెలిపే కాంటూర్లను రోడ్డు మ్యాప్ మీద పరిచి డౌన్‌లోడ్‌లో ఇవ్వదు. రోడ్ల కోసం కట్టిన యాప్‌ను వంకలో నడవమనడం న్యాయం కాదు.

చిన్న డ్రైవర్ వీడియోలు చూసి ఆన్‌ఎక్స్ ఆఫ్‌రోడ్ పేరు తెచ్చాడు. దాని బలం అమెరికాలోని జీపు దారులు, అక్కడి ప్రభుత్వ, ప్రైవేటు భూముల హద్దులు. బైరెడ్డిపల్లెలో దానికి చెప్పడానికేమీ లేదు. గయా జీపీఎస్ మంచి యాప్, కానీ ఆఫ్‌లైన్ మ్యాపులకు చందా కట్టాలి. చందా కట్టాక మన మండలాల్లో అది చూపే బాటలు ఎక్కడివని చూస్తే, చాలావరకు ఎవరైనా గీతలు చేర్చగల ఉచిత మ్యాప్ అయిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ గీతలే. ఉచితంగా దొరికే ఆర్గానిక్ మ్యాప్స్ చూపేదీ అవే, ఓస్మ్‌అండ్ చూపేదీ అవే. ఇక్కడ చాలామంది పొరబడతారు. నాలుగు యాప్‌లు ఒకే బాట చూపిస్తే నాలుగు సాక్ష్యాలు దొరికాయనుకుంటారు. నలుగురూ ఒకే దస్తావేజు నకలు చదువుతున్నారని తెలియదు. అందుకే యాప్‌లను పోల్చే ముందు వాటి డేటా ఎక్కడినుంచి వస్తుందో పోల్చాలి.

వేరే మూలం కావాలనే, నేల ఎత్తుపల్లాలు, నీళ్లు, బాటలు చూపే సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు తెచ్చుకున్నాం. 1:50,000 స్కేలు ఓపెన్ సిరీస్ మ్యాపులు ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితంగా దొరుకుతాయి. షీట్ల పాత నంబర్లలో పలమనేరు వైపు 57 కె, కుప్పం వైపు 57 ఎల్, తిరుపతి వైపు 57 ఓ. వాటిని మ్యాపులు సర్దే కంప్యూటర్ ప్రోగ్రాం క్యూజీఐఎస్‌లో పెట్టి ఫోన్ చదివే చిన్న చిన్న మ్యాపు ముక్కలుగా, అంటే టైల్స్‌గా మార్చాం. చెరువులు, కుంటలు, వంకలు, బండి బాటలు, రిజర్వు ఫారెస్టు హద్దు, 20 మీటర్ల ఎడంతో కాంటూర్లు చక్కగా ఉంటాయి. సర్వేయర్లకు పండగే. అయితే ఆ స్కేలులో కాగితం మీద ఒక మిల్లీమీటరు నేల మీద 50 మీటర్లు. ఫోన్‌లో ఎంత జూమ్ చేసినా కొత్త వివరం పుట్టదు. పైగా సర్వే జరిగిన సంవత్సరం అంచున అచ్చై ఉంటుంది, అది చూడకుండా బాట కోసం ఆ షీటును నమ్మకూడదు. కాబట్టి దాని వాడకం ఇలా తేల్చాం: నీళ్లకు, గుట్టలకు, హద్దులకు నమ్మాలి, బండి పోతుందా లేదా అన్నదానికి నమ్మకూడదు.

పనికిరానివి

మొదట గట్టిగా ప్రయత్నించి వదిలేసింది ఆటోమేటిక్ రూటింగ్. మట్టిదారుల్లో కూడా "ఇటు తిరగండి, అటు తిరగండి" అని ఫోన్ చెబితే బాగుంటుందని బృందం ఆశ. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మట్టిబాట గట్టిదనాన్ని ఐదు గ్రేడ్లలో రాసే ఏర్పాటుంది. గట్టిపరిచిన దారి ఒకటి, మెత్తని మట్టి చక్రాల జాడ ఐదు. ఫోర్ వీల్ బండికే పనికొస్తుందని, వంకలో దిగి దాటాలని కూడా రాయొచ్చు. కానీ రాసేవాళ్లుంటే కదా. బృందం తిరిగే దారుల్లో చాలాచోట్ల ఈ గడులు ఖాళీ. ఏ బాట గట్టిదో, ఏది గుంతలమయమో తెలియని ప్రోగ్రాం దూరం తక్కువున్నది చూసి ఎంచుకుంటుంది. కందకం రోజున జరిగిందీ ఇలాంటిదే. సెట్టింగులు ఎన్ని మార్చినా లేని సమాచారం రాదు కాబట్టి మట్టి మీద రూటింగ్ ఆపేయమని చెప్పాను. చిన్న డ్రైవర్‌కు ఇది నచ్చలేదు. ఫోన్ దారి చెప్పకపోతే ఇంక మ్యాప్ ఎందుకని అడిగాడు.

ఉపగ్రహ చిత్రం చూసి దారి గీసుకోవడం సగమే పనికొచ్చింది. మామిడి తోపుల కింద బాట కనబడదు. ఏప్రిల్‌లో తీసిన బొమ్మలో తెల్లగా, ఎండిపోయి ఉన్న వంక, అక్టోబరు దాటాక ఈశాన్య రుతుపవనాల వానలకు బండిని మింగేలా ఉంటుంది. 2021 నవంబరు వానలకు ఉమ్మడి చిత్తూరు జిల్లాలో కాజ్‌వేలు ఎలా కొట్టుకుపోయాయో చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ తెరిస్తే పాత తేదీల చిత్రాలు వరసగా చూడొచ్చు. ఎండాకాలం బొమ్మ, వానల తర్వాతి బొమ్మ రెండూ పెట్టి చూసే అలవాటు మాత్రం ఉంచుకున్నాం. ఎక్స్‌ప్రెస్‌వే అండర్‌పాస్‌లు చాలావాటిని ఆఫీసులో కూర్చుని పట్టుకున్నది అలాగే.

ఇంకో చిక్కు రాష్ట్ర సరిహద్దు. ఆఫ్‌లైన్ మ్యాపులు రాష్ట్రాలవారీగా డౌన్‌లోడ్ అవుతాయి. వి.కోట, కుప్పం వైపు ఒక వంక దాటితే కర్ణాటక, ఇంకో గుట్ట దిగితే తమిళనాడు. ఆంధ్రప్రదేశ్ ఒక్కటే దించుకున్న ఫోన్‌లో సరిహద్దు అవతల అంతా బోసిగా ఉంటుంది. మూడు రాష్ట్రాలూ దించుకోమనడంతో తీరిపోయింది.

పనిచేసింది

చివరికి రెండు యాప్‌లు, వాటి మధ్య స్పష్టమైన గీత. తార్రోడ్డు ఉన్నంతవరకు గూగుల్ మ్యాప్స్. తార్ అయిపోయిన చోట దాన్ని మూసేసి ఓస్మ్‌అండ్, అదీ రూటింగ్ లేకుండా. ముందురోజు గీసుకున్న లేదా ఇంతకుముందు నడిచిన దారి గీత, జీపీఎక్స్ ఫైలుగా దాచుకున్నది, తెర మీద ఉంటుంది, బండి బాణం దాని మీద కదులుతుంది. ఎక్కడ తిరగాలో డ్రైవరే చూసుకుంటాడు.

ఆర్గానిక్ మ్యాప్స్ ఇంతకంటే తేలిక, తెర శుభ్రంగా ఉంటుంది. మెనూల అడవి అయిన ఓస్మ్‌అండ్‌నే ఎంచుకోవడానికి కారణం పెద్ద డ్రైవరన్న. ఈ ప్రాంతంలో ఆయనకు తెలిసినంత ఏ డేటాబేస్‌కూ తెలియదు. ఏ గేటుకు ఎవరు తాళం వేస్తారో, ఏ వంకలో ఇసుక కింద బండ ఉందో ఆయన నోటి మీద ఉంటుంది. ఆయన ఫోన్‌లో టైప్ చెయ్యడు. ఆండ్రాయిడ్ ఓస్మ్‌అండ్‌లో ఒక బటన్ నొక్కి మాట్లాడితే, ఆ మాట ఆ చోటికే అతుక్కుని మ్యాప్ మీద గుర్తుగా నిలుస్తుంది. "ఈ బాటన మూడేండ్లుగా బండి తిరగలేదు, కంప పడిపోయింది" అని ఆయన చెప్పిన మాట ఇప్పుడు ఆ బాట మొదట్లోనే ఉంది. యాప్ ఎంపికలో మిగతావన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఊళ్ల పేర్లు తెలుగులో చూపమని కూడా దాన్ని అడగొచ్చు, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఆ ఊరికి ఎవరైనా తెలుగు పేరు రాసి ఉంటే. బృందం చివరికి డబ్బు ఖర్చుపెట్టింది కూడా దీని పెయిడ్ వెర్షన్‌కే, అదీ కాంటూర్ల కోసం.

గుర్తులకు రకాలు ముందే తేల్చి రంగులిచ్చాం. కందకం, సోలార్ కంచె, వంక దాటే చోటు, గేటు, అండర్‌పాస్, బండి తిప్పుకునే చోటు. ఈ చివరిది నేను పట్టుబట్టి పెట్టించాను. దారి ఎక్కడ ఆగిపోయిందో తెలియడం ఎంత ముఖ్యమో, ఆగిపోయాక పికప్‌ను ఎక్కడ తిప్పగలమో తెలియడమూ అంతే ముఖ్యం. ఆఫ్‌రోడ్ మ్యాపుల గురించి మాట్లాడేవాళ్లు దీన్ని ఎందుకు పట్టించుకోరో నాకు అర్థం కాదు. ప్రతి గుర్తులో తేదీ, ఏ బండితో వెళ్లారన్నది తప్పనిసరి. పొట్టి జీపు దాటిన వంకను పికప్ దాటుతుందని లేదు. వానాకాలానికి ముందు వేసిన వంక గుర్తు డిసెంబరు తర్వాత ఎవరైనా మళ్లీ చూసేదాకా చెల్లదని నియమం పెట్టుకున్నారు.

హద్దుల సంగతి యాప్‌కు వదలకూడదు. మ్యాప్‌లో బాట ఉన్నంత మాత్రాన లోపలికి పోయే హక్కు వచ్చినట్టు కాదు. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా వెళ్లడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. కౌండిన్య హద్దును, రిజర్వు ఫారెస్టు హద్దును ఎర్రటి పొరగా మ్యాప్ మీద పరిచాం. అందులోంచి ఏ జీపీఎక్స్ గీతా పోకూడదు. అడవి అంచున పని ఉంటే పొద్దున్నే ముగించి, ఏనుగుల కదలిక సంగతి అటవీ సిబ్బందిని అడిగాకే దిగుతారు.

ఫోన్ల పని త్వరగా అయిపోయింది. బ్యాటరీ ఆదా జాబితా నుంచి యాప్‌ను తీసేయడం, కోఆర్డినేట్లు అందరి ఫోన్లలో దశాంశాల్లోనే పెట్టడం, బయలుదేరే ముందు ఆఫీసు వాకిట్లో ఫ్లైట్ మోడ్ పెట్టి మ్యాప్ తెరిచి చూడడం. జీపీఎస్‌కు సిమ్ సిగ్నల్ అక్కర్లేదు, కాబట్టి ఫ్లైట్ మోడ్‌లో మ్యాప్, బాణం రెండూ కనబడితే అడవి అంచునా కనబడతాయి. వాకిట్లో కనబడకపోతే ఆఫీసు దాటకముందే తెలిసిపోతుంది. మే నెల ఎండకు డ్యాష్‌బోర్డు మీది ఫోన్ వేడెక్కి తెర మసకబారుతుంది, ఏసీ గాలి తగిలే చోట బిగించమన్నాను. తెరిపి ఆకాశం కింద కూడా ఫోన్ జీపీఎస్ ఐదు మీటర్లు అటూ ఇటూ చూపుతుందని, పక్కపక్కనే ఉన్న రెండు బాటల్లో మనం దేనిమీద ఉన్నామో అది తేల్చలేదని డ్రైవర్లకు నేల మీదే చూపించాను. చిన్న డ్రైవర్ అడిగిన "ఇంక మ్యాప్ ఎందుకు" అన్న ప్రశ్నకు అతనికి జవాబు దొరికింది కూడా ఆ పూటే. రెండు చక్రాల జాడల దగ్గర బాణం ఊగిసలాడుతుంటే, పెద్దాయన వదిలిన మాట విని సరైన జాడ పట్టాడు.

ఈ కేసులో నేర్చుకున్నవి, మిగిలినవి

ఎవరైనా యాప్ పేరు అడిగితే ఇప్పుడు నేను మూడు విషయాలు అడుగుతున్నాను. గీతలు ఎవరు గీశారు, ఎప్పుడు గీశారు, మీరు చూసింది అందులో రాసుకోగలరా? మూడోదానికి అవునంటే మొదటి రెండింటి లోటు నెమ్మదిగా తీరుతుంది. కాదంటే ఎంత ఖరీదైన యాప్ అయినా కందకం దగ్గరికే తీసుకెళుతుంది.

బృందం గుర్తుల్లో ఏవి బయటికివ్వాలన్నది చాలాసేపు చర్చించాం. అండర్‌పాస్‌లు, తెగిన కాజ్‌వేలు, కాలువ మీద వంతెనలు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో తామే చేర్చడం మొదలుపెట్టారు. అవి అందరివీ. నేల మీద చూసి రాసినవే చేర్చాలి, గూగుల్ బొమ్మ మీద చూసి కాపీ కొట్టకూడదని సర్వేయర్లకు గట్టిగా చెప్పాల్సి వచ్చింది, లైసెన్సు ఒప్పుకోదు. రైతుల తోపుల్లోంచి పోయే బాటలు, గేట్లు మాత్రం చేర్చలేదు. ఆ రైతులు నోటిమాటగా బృందానికి ఇచ్చిన అనుమతి అది, లోకానికిచ్చింది కాదు.

ఆ మధ్య తిరుపతి నుంచి ఒక జీపుల బృందం ఈ ఫైళ్లే అడిగింది, శేషాచలం వైపు కూడా ఇలాంటివి తయారుచేసి ఇవ్వమంది. శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానంలో జీపు దారుల ఫైలు తయారుచేసే ప్రసక్తే లేదని చెప్పాను. పడమటి మండలాల ఫైళ్లు ఇచ్చే హక్కు నాది కాదని, మేడంను అడగమని అన్నాను. ఆవిడ అండర్‌పాస్‌లు, వంక దాటే చోట్లు ఇచ్చి మిగతావి ఆపింది.

తేలని విషయం ఒకటుంది. పెద్ద డ్రైవరన్న వాయిస్ నోట్లన్నీ ఆయన యాసలో, ఆయన ఫోన్‌లో ఉన్నాయి. వాటిని విని, రాసి, గుర్తులుగా మార్చే పని ఒక సర్వేయర్‌కు అప్పగించారు. అతను వేరే జిల్లావాడు, సగం మాటలు అర్థం కాక మళ్లీ ఆయన్నే అడుగుతున్నాడు. ఎక్స్‌ప్రెస్‌వే పక్క సర్వీసు దారులు తెరుచుకున్నకొద్దీ పాత గుర్తులు చెల్లకుండా పోతున్నాయి కూడా. వానలు తగ్గాక, జనవరిలో రెండు బండ్లతో తిరిగి అన్నీ మళ్లీ చూసుకోవాలని పెట్టుకున్నారు.